ఆడబిడ్డ ముడి

మా వైపు ఒక అబ్బాయికి నలుగు పెట్టి పెండ్లికొడుకును చేశారంటే, ఇక పెండ్లికి తరలేదాకా వాడు వీధి గడప దాటకూడదు. ఎండలో తిరగకూడదు, బండి ఎక్కకూడదు, పొలం వైపు పోకూడదు. చాప మీద కూర్చుని, ఒంటికి పసుపు వాసన పట్టించుకుని, వచ్చిన వాళ్ళు చెప్పిందల్లా వినాలి. వాడికి పారిపోయే దారి ఉండదు కాబట్టి, నోరున్న ప్రతివాళ్ళూ వచ్చి సలహా చెప్పిపోతారు. పెళ్ళాంతో జీవితంలో నాలుగు మాటలు సరిగా మాట్లాడని మగవాళ్ళు కూడా ఆ చాప దగ్గరికి వచ్చేసరికి పెద్ద అనుభవజ్ఞులైపోతారు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఆ చాప చుట్టూ జరిగే ముచ్చట్లంటే నాకు ప్రాణం.

తొంభైల చివర్లో మా తమ్ముడి పెండ్లి. మాది పుంగనూరు ఊరి చివర ఇల్లు. వెనక చెరుకు తోట, పశువుల కొట్టం, కొట్టం పక్కన బెల్లం వండే పొయ్యి. నన్ను మదనపల్లెలో ఇచ్చారు. మా ఆయన అక్కడ టమాటా మండీలో రైటరు. పెండ్లికి వారం ముందే ఆయన్ని కూడా లాక్కుని పుట్టింటికి వచ్చేశాను. బస్సు దిగేసరికి సాయంత్రం. ఎవరిదో తోటలో బెల్లం పాకం దిగుతున్నట్టుంది, ఆ తియ్యటి పొగ రోడ్డు మీదికి పాకి, చింతచెట్ల కింద నిలబడిపోయింది. ఆ పెండ్లి రోజులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ముందు ఆ పొగే కనిపిస్తుంది. మనుషులందరూ అందులోంచి మెల్లగా నడిచి వస్తారు. కొందరి ముఖాలు స్పష్టంగా ఉంటాయి, కొందరివి ఉండవు. మా తమ్ముడి ముఖం మాత్రం బాగా కనిపిస్తుంది.

వాడి చెయ్యి గురించి చెప్పాలి. ఇరవై ఏళ్ళప్పుడు గానుగలో చెరుకు పెడుతుంటే కుడిచెయ్యి లోపలికి లాగేసింది. చూపుడువేలు, మధ్యవేలు సగానికి ఆగిపోయాయి. బొటనవేలు ఉంది గానీ వంగదు. మిగిలిన రెండు వేళ్ళతోనే వాడు ముద్ద కలుపుతాడు, మోపెడ్ నడుపుతాడు, బోరు మోటరు విప్పి బిగిస్తాడు. వాచీ పెట్టుకోవాలంటే బెల్టు పళ్ళతో లాగుతాడు. బెల్లం మూటల మూతి కట్టాలన్నా పళ్ళే. వాడు పళ్ళతో బిగించిన ముడిని విప్పాలంటే కొడవలి తేవాల్సిందే. చెయ్యి చూసి ఎవరైనా అయ్యో అంటే వాడికి నచ్చదు. అందుకని ఇంట్లో మేమెవరమూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. వాడు మర్చిపోయాడనే అనుకునేవాళ్ళం.

సంబంధం కుప్పం వైపుది. కూరగాయలు పండించి రైల్లో బెంగుళూరు పంపే రైతు కుటుంబం. చెయ్యి దాచి చేసిన సంబంధం కాదు. పెండ్లిచూపుల్లో కాఫీ గ్లాసు ఎడమచేత్తో అందుకుంటూ మా తమ్ముడే సంగతి చెప్పాడు. పిల్ల నాయన ఆ చెయ్యి చూసి, "పని చేసిన చెయ్యే కదప్పా, దొంగతనం చేసింది కాదు కదా" అన్నాడు. పిల్ల ఒక్కసారి తలెత్తి చూసింది. ఆ చూపులో ఏముందో మాకెవరికీ అర్థం కాలేదు. పొడుగ్గా, చామనచాయగా, మాట తక్కువగా ఉంది. నాకు మాట తక్కువ మనుషులంటే అనుమానం. లోపల ఏం లెక్కలు వేస్తుంటారో తెలియదు.

నలుగు రోజున ముత్తైదువలందరూ వాడి బుగ్గలకీ భుజాలకీ పిండి రుద్ది, పాటలు పాడి, ఎగతాళి చేసి లేచిపోయారు. చివరికి మా అమ్మ కూర్చుంది. వాడి కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలికీ పసుపు రాసింది. సగం వేళ్ళకి కూడా, పూర్తి వేళ్ళకి రాసినంతసేపూ రాసింది. నేను అక్కడ నిలబడలేక, నీళ్ళు కాగాయో లేదో చూస్తానని పెరట్లోకి పోయాను.

ఆ మర్నాటి నుంచి సలహాల సంత మొదలైంది. మొదట మా మేనమామ. ఆయన మీసం దువ్వుకుంటూ చాప మీద ఒక మోకాలు పైకి పెట్టి కూర్చున్నాడంటే పంచాయితీ మొదలైనట్టే.

"ఒరే అబ్బోడా, ఇని పెట్టుకో. కొత్తలో ఆ బిడ్డ ఏం సెప్పినా ఊ అను. ఊ అన్నోడికి కాపీ వస్తాది. ఊహూ అన్నోడు పోయి వాడే కాసుకోవాల. సీర ఎట్లుండాదని అడిగితే, ముందు సీర సూసి సెప్పు. పేపర్లో తల పెట్టుకోని బాగుండాది అన్నావా, ఆ పొద్దు నీకు సంగటి ల్యా."

"మామా, అత్త నీకు ఎన్ని పొద్దులు సంగటి పెట్టలేదు?" అన్నాను నేను.

"నువ్వు ఊరికే ఉండమ్మే. మొగోళ్ళ మాటల్లో నీకేం పని?"

మా ఆయన ఆ సందులో దూరి తన వంతు చెప్పాడు. "బావమరిదీ, నేనొకటి సెప్తా. మీ అక్క ముందర నీ పెండ్లాన్ని పొగడొద్దు, నీ పెండ్లాం ముందర మీ అక్కను పొగడొద్దు. ఇద్దరూ ఒకేసోట ఉంటే సాంబారును పొగుడు." చాప చుట్టూ కూర్చున్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆయన సాంబారును పొగిడిన రోజులన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు.

వాడు అన్నిటికీ నవ్వేవాడు. తల ఊపేవాడు. మధ్యాహ్నం ఎండ మిద్దె కంతలోంచి దిగి వాడి పసుపు భుజం మీద పడేది. గాలి ఆడక అందరూ కూర్చున్నచోటే కునికేవాళ్ళు. మాటలు సగంలో తెగిపోయి, మళ్ళీ ఎవరికో మెలకువ వచ్చినప్పుడు అక్కడినుంచే అతుక్కునేవి. అలాంటి మధ్యాహ్నాల్లో చూస్తే వాడు మాత్రం నిద్రపోకుండా దూలాలకేసి చూస్తూ ఉండేవాడు. కొత్త పెండ్లికొడుకు కదా, ఏవో ఊహల్లో ఉన్నాడనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

పెండ్లి ఇంక రెండు రోజులుందనగా, తెల్లారగట్ల పాలు పిండుదామని కొట్టంలోకి పోయాను. బయట మంచు దిగి ఉంది. చెరుకు ఆకుల మీదినుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. మాకు ఒక పుంగనూరు ఆవు ఉండేది. తెల్లటిది, నా నడుం దాకా కూడా రాని పొట్టిది, చాలా సాధువు. అది గడ్డి నములుతూ నావైపు తిరిగింది. చూద్దును కదా, దాని మెడ నిండా పసుపుతాళ్ళు. ఒకటి కాదు, రెండు కాదు. కొన్ని ముళ్ళు వదులై జారిపోతున్నాయి, కొన్ని చిక్కుపడి ఉన్నాయి. ఒక తాడు కొస సగం నమిలేసి ఉంది. అది ఏ ఊరి పెండ్లికూతురో తెలియక నేను అలా నిలబడిపోయాను.

కొట్టం మూలన తిరగేసిన గంప మీద మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. చేతిలో ఇంకో తాడు.

"అక్కా, నవ్వొద్దు" అన్నాడు.

నాకు నవ్వొచ్చిన మాట నిజమే. వాడి ముఖం చూశాక ఆగిపోయింది.

"రోజూ వస్తాండావా ఈడికి?"

"నలుగు పెట్టిన కాణ్ణించీ వస్తాండా. ఒక్క ముడీ నిలబడలా. మూటలంటే పండ్లతో బిగిస్తాను. ఆ బిడ్డ మెడకాడ పండ్లు పెడితే సూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"జారితే మళ్ళీ ఏస్తావు. అంతేగదా."

"అంతే కాదక్కా. నేను ముడేసేదాకా మేళం కొట్టాల. వీడియో అతను మొగాన లైటు కొడ్తాంటాడు. అందరూ అక్షింతలు సేత పట్టుకోని నిలబడుకోనుంటారు. ఆ బిడ్డ తల వంచుకోని అట్లే ఉంటాది. ఇట్లాంటోడికా ఇచ్చినారు నన్ను అని ఆ పొద్దు ఒక్కసారి అనుకునిందంటే, దాన్ని నేను ఎట్ల మాపేది?"

ఊరంతా వచ్చి కాపురం ఎలా చెయ్యాలో, ఎలా ఊకొట్టాలో, ఎవర్ని పొగడాలో చెప్పిపోతున్నారు. వాడి భయమంతా మూడు ముళ్ళ మీద ఉంది. ఆ సంగతి ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. నాకు వాడి మీద కోపం వచ్చింది, మామీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. పాలు పిండకుండానే ఆవు మెడ దగ్గర కూర్చుని ఒక్కొక్క ముడీ విప్పుతూ ఆలోచించాను.

నాకు ఉపాయం తట్టింది. మా ఇళ్ళల్లో మూడు ముళ్ళూ పెండ్లికొడుకే వేస్తాడు. కుప్పం వైపు అలా కాదు. మొదటి రెండు ముళ్ళు పెండ్లికొడుకు వేస్తే, మూడోది వాడి అక్కో చెల్లెలో వెనక నిలబడి వేస్తుంది. దాన్ని ఆడబిడ్డ ముడి అంటారు. పెండ్లి మాటలప్పుడే మమ్మల్ని అడిగితే, మీ పద్ధతి ప్రకారమే కానివ్వండి అని మేము ఒప్పుకున్నాం. అంటే ఎలాగూ నేను పిల్ల వెనకే నిలబడతాను. నా చేతులు అక్కడే ఉంటాయి.

"నువ్వు తాడు మెడ సుట్టూ తిప్పి రెండు కొసలూ నాకు ఇచ్చేసెయ్. మూడు ముళ్ళూ నేనే ఏసేస్తా. నీ సేతులు నా సేతుల మీద అట్లే పెట్టుకోనుండు. ఎవురికీ కనపడదు."

వాడు చేతిలో తాడును చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. నేను ఆ మాటే ఇంట్లో చెబితే మా అమ్మకు ప్రాణం లేచివచ్చింది. మేనమామ మీసం మెలేసి, "తలకాయంటే నీదే" అన్నాడు. నన్ను ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రోజంతా నేను భూమ్మీద నడవలేదు.

మధ్యాహ్నం పెండ్లి బట్టలు తీసుకుని దర్జీ వచ్చాడు. పుంగనూరు బజార్లో కుట్టుమిషన్ పెట్టుకున్న సాయిబు. మా తమ్ముడి లాగూల కాలం నుంచీ ఆయనే కుట్టేవాడు. చెయ్యి పోయాక వాడు చెప్పకుండానే చొక్కాలకు పైన మామూలు గుండీలు కుట్టి, లోపల నొక్కితే పడే టిచ్ గుండీలు పెట్టడం మొదలుపెట్టాడు. పెండ్లి చొక్కా కూడా అలాగే తెచ్చాడు. అది తొడిగి చూస్తుండగా, నా తెలివిని నలుగురికీ చాటుకునే అలవాటు కొద్దీ, నా ఉపాయం ఆయనకీ చెప్పాను. ఆయన మా తమ్ముడి కాలరు సరిచేస్తూ విన్నాడు.

"మంచిదేనమ్మా. కానీ తమ్ముడికి ఇష్టమేనా?"

"ఇష్టం కాకుండా యాడికి పోతాది? నీకేం తెల్సు భాయ్, మీలో తాళి కట్టేది ల్యాదుగదా."

"తాళి ల్యాదమ్మా. మా నిఖాలో కబూల్ అని నోటితో సెప్పాల. నేను దుల్హా అయి కూర్చున్న పొద్దు నాకు నోరు ఎండిపోయి మాట రాలా. మా అన్న పక్కన కూర్చోని, వాడి బదులు నేను సెప్తాను అన్నాడు. ఖాజీసాబు వద్దన్నాడు. నీళ్ళు తాగి సెప్పు బేటా, మేము కూర్చోనుంటాం అన్నాడు. అందురూ కూర్చున్నారు. బిర్యానీ సల్లారిపోతా ఉండింది, అయినా కూర్చున్నారు. తర్వాత సెప్పినా." ఆయన సూది నోట్లోంచి తీసి కాలరుకి గుచ్చాడు. "సూడు తమ్ముడూ, ఆడ తొందరంతా వచ్చినోళ్ళది. పెండ్లి నీది."

నాకు సర్రున మండింది. మేము పొద్దున్నించీ చక్కబెట్టుకున్నదాన్ని ఈయన ఒక్క మాటతో కదిపి పోయాడు. ఆయన వెళ్ళేటప్పుడు కాఫీ ఇచ్చాను గానీ, చక్కెర తక్కువే వేశాను.

కుప్పానికి పెండ్లి బస్సు ఆ మర్నాడు మధ్యాహ్నం బయలుదేరింది. పలమనేరు దాటేవరకూ ఆడవాళ్ళు పాటలు పాడారు. ఆ తర్వాత ఒక్కొక్కరే నిద్రలోకి జారిపోయారు. కిటికీల్లోంచి కొండలు వెనక్కి పోతున్నాయి. మునగ తోటలు, రాళ్ళ గుట్టలు, గొర్రెల మంద ఒకటి, దాని వెనక రేగిన ఎర్రటి దుమ్ములో దిగుతున్న ఎండ. మంద ముగిసినా ఆ ఎండ మాతో పాటే వస్తున్నట్టుండింది. డ్రైవరు పెట్టిన క్యాసెట్టు సాగిపోయి, పాట నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టుంది. మా అమ్మ తల నా భుజం మీద వాలింది. ముందు సీట్లో మా తమ్ముడు, బుగ్గన చుక్కతో, మెడలో పూలదండతో, బయటికి చూస్తున్నాడు. ఆ ప్రయాణం ఎప్పటికీ అయిపోకపోతే బాగుండునని నాకు అనిపించింది. అయిపోకపోతే ఆ ముడి వెయ్యాల్సిన పనే ఉండదు.

వాడు వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు. "అక్కా, కడితే నేనే కట్టాల."

"మళ్ళీ మొదటికొచ్చినావా? ఆ సాయిబు మాటలు పట్టుకోని..."

"ఆయన సెప్పినాడని కాదు. నువ్వు కట్టినావంటే, రేప్పొద్దున ఆ తాడు సూసినప్పుడంతా అది మా అక్క కట్టింది అని నాకు తెలుస్తాది గదా. ఎవురికీ కనపడకపోతే మాత్రం ఏమి?"

"జారిపోతే?"

నేను గొంతు పెంచకుండా ఎంత తిట్టగలనో అంత తిట్టాను. అమ్మ గుండె ఆగిపోతుందన్నాను. మన పరువు వాళ్ళ ఊళ్ళో పోతుందన్నాను. వాడు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. నోరు మెదపలేదు కాబట్టి ఒప్పుకున్నాడని నేను తీర్మానించుకున్నాను. మా ఇంట్లో నేను చేసిన తీర్మానాలన్నీ అలాంటివే.

కుప్పం చేరేసరికి దీపాలు పెట్టారు. కల్యాణమండపం ముందు మేళతాళాలతో ఎదురుకోలు. తెలుగు, అరవం, కన్నడం మూడూ కలిపి మాట్లాడే చుట్టాలు. ఎవరు ఏం అడుగుతున్నారో తెలియక మా మేనమామ అందరికీ "సాపాటు అయింది" అనే చెబుతున్నాడు. రిసెప్షన్లో పిల్లా, మా తమ్ముడూ పక్కపక్కన నిలబడ్డారు. అభినందించడానికి వచ్చినవాళ్ళు చెయ్యి చాస్తే వాడు రెండు చేతులూ జోడిస్తున్నాడు. ఆ పిల్ల ఒకట్రెండు సార్లు వాడి చేతులకేసి చూడడం నేను గమనించాను.

తెల్లవారుజామున పిల్లను ముస్తాబు చేస్తున్న గదిలోకి పోయాను. పూలజడ కుట్టే ఆవిడ తప్ప ఎవరూ లేరు. పిల్ల చెవి దగ్గర వంగి, సంగతంతా మెల్లగా చెప్పాను. భయపడొద్దు, ముళ్ళు నేనే వేస్తాను, నువ్వు కదలకుండా కూర్చో, అంతే అన్నాను.

ఆ పిల్ల అద్దంలోంచి నన్ను చూసింది. "ఆయనే అట్ల సెయ్యమన్నాడా, వదినా?"

"ఆ, వాడే అన్నాడు" అన్నాను తడుముకోకుండా.

ఆ పిల్ల తల దించుకుంది. సిగ్గు పడుతోందనుకున్నాను.

ముహూర్తం సమయానికి బయట మంచు పట్టింది. మండపం తలుపులు తెరిచినప్పుడల్లా తెల్లగా లోపలికి వచ్చి, ట్యూబ్‌లైట్ల చుట్టూ తిరిగి కరిగిపోయేది. సాంబ్రాణి పొగ దాంట్లో కలిసింది. మల్లెపూల వాసన, తడి కొత్తచీరల వాసన, ఎక్కడో వంటశాలలో పోపు చిటపటలు. నిద్రమత్తులో ఉన్న చంటిపిల్లల ఏడుపు కూడా దూరం నుంచి వస్తున్నట్టే ఉంది. నేను పిల్ల వెనక నిలబడి పూలజడ పైకెత్తి పట్టుకున్నాను. మెడ వెనక సన్నటి వెంట్రుకలు చెమటకు అతుక్కుని ఉన్నాయి. ఆ మెడ చూస్తే, అప్పటిదాకా లేని జాలి కలిగింది. ఎవరో కన్నబిడ్డ, మా ఇంటి తొందరకి తల వంచుకుని కూర్చుంది.

తాళిబొట్టు పళ్ళెం అందరి చేతులూ తాకి వచ్చింది. అయ్యవారు కొబ్బరికాయ మీదినుంచి తాడు తీసి మా తమ్ముడి చేతిలో పెట్టి, చెయ్యి పైకెత్తాడు. గట్టిమేళం లేచింది.

వాడు ముందు నుంచి వంగి తాడు మెడ చుట్టూ తిప్పాడు. ఆ పిల్ల తల మీదుగా వాడి ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. నేను జడ భుజం మీదికి వేసి, రెండు చేతులూ చాపాను. వాడు నా చేతులు చూశాడు. కొసలు ఇవ్వలేదు.

ఎడమచేత్తో ఒక కొస తిప్పాడు. కుడిచేతి రెండు వేళ్ళ మధ్య రెండో కొస. తాడుకి పసుపు తడి ఎక్కువగా ఉంది. ముడి పడినట్టే పడి జారిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ జారింది. వీడియో అతను లైటు ఇంకా దగ్గరికి తెచ్చాడు. వాడి నుదుటిమీద చెమట బాసికం కిందినుంచి కారి కంట్లో పడుతోంది. మొదటి విడత అక్షింతలు ఎప్పుడో పడిపోయాయి. మేనమామ వెనకనుంచి "కట్టప్పా, కట్టు, టైము పోతాండాది" అంటూ నావైపు కళ్ళెర్రజేస్తున్నాడు. మా అమ్మ కళ్ళు మూసుకుంది. నాకు ఇంక ఓపిక లేకపోయింది. తాడు కొస పట్టుకుని లాగాను.

"ఇడ్సండి వదినా."

ఆ పిల్ల తల ఎత్తలేదు. ముందు ఎవరు అన్నారో కూడా నాకు తెలియలేదు. ఆ వెంటనే, అంత మేళంలోనూ, వాడితో అంది.

"నిదానంగా కట్టండి. నేను యాడికీ పోను."

ఆ మాట మా ముగ్గురికి తప్ప ఎవరికీ వినపడలేదు. నేను కొస వదిలేశాను. వాడు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. వాడి భుజాలు దిగాయి. ఎడమచేత్తో కొస తిప్పి, సగం వేళ్ళతో అదిమిపెట్టి, మెల్లగా, చాలా మెల్లగా లాగాడు. ముడి పడింది. నిలబడింది.

రెండోదానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. నాదస్వరం ఆయన బుగ్గలు కందిపోయాయి గానీ ఆపలేదు. డోలు ఆయన కుర్చీలో ముందుకు వంగి మావైపే చూస్తూ వాయిస్తున్నాడు. అక్షింతలు అయిపోయినవాళ్ళు పక్కవాళ్ళ చేతుల్లోంచి సగం తీసుకుని మళ్ళీ నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల మెడ కాస్త కూడా కదల్చలేదు. నాకు ఆ పిల్ల మీద ఉన్న అనుమానమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. కాళ్ళమీద పడి ఏడవాలనిపించింది.

రెండో ముడి బిగిసింది. అప్పుడు మా తమ్ముడు ఆ రెండు కొసలూ నావైపు చాపాడు.

"ఇది నీదక్కా. ఈళ్ళ పద్ధతిగదా."

తీసుకున్నాను. నాకు పది వేళ్ళూ ఉన్నాయి. పొద్దున లేస్తే ఎన్ని పూలదండలు కడతానో, ఎన్ని మూటలు కడతానో నాకే తెలియదు. కళ్ళనిండా నీళ్ళు వచ్చి తాడు కనపడలేదు. ముడి వేశాను, జారిపోయింది. మళ్ళీ వేస్తే కొస ఎక్కడుందో దొరకలేదు.

"తొందరేం ల్యాదులే అక్కా" అన్నాడు మా తమ్ముడు.

ఆ పిల్లా, వాడూ తలలు వంచుకుని నా కోసం కాచుకున్నారు.